నల్లబడింది, కుళ్ళలేదు!

తొక్క నల్లబడిన కూర అరటిని పారేస్తున్నారా? ఆగండి! క్యూబాలో అది అలా మాగేదాకా ఉంచి, ముక్కలు కోసి, నూనెలో వేయించి, అన్నంలో నంజుకుంటారు.

పచ్చికాయ చప్పగా ఉంటుందెందుకు? దానిలో ఎక్కువగా ఉన్నది పిండిపదార్థం. పండేటప్పుడు కాయలోనుంచే ఇథిలీన్ వాయువు వెలువడుతుంది. దాని ప్రేరణతో ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. వేపుడుకు బంగారు రంగూ, కమ్మని వాసనా రావడానికి ఈ చక్కెరలే ముఖ్యం. అయితే చక్కెర త్వరగా మాడుతుంది. కనుక మంట తగ్గించాలి. బూజు పట్టిన పండును మాత్రం పారేయవలసిందే.

నమ్మకం కలగలేదా? పచ్చిముక్క మీద, మాగినముక్క మీద ఒక్కొక్క చుక్క టింక్చర్ అయొడిన్ వేసి చూడండి. మొదటిది ముదురు నీలంగా మారుతుంది. రెండోదానిపై ఆ రంగు పలచగా ఉంటుంది. తగ్గిన పిండిపదార్థమే తీపిగా మారిందన్నమాట! ప్రయోగం చేసిన ముక్కలు మాత్రం తినకండి.