తుప్పెరుగని స్ప్రింగు

ఒత్తితే ఒదిగి, వదిలితే తిరిగి తన మొదటి ఆకారానికి వచ్చే లోహపు భాగం స్ప్రింగు. దాన్ని నొక్కడానికో, లాగడానికో, మెలిపెట్టడానికో చేసిన పని స్థితిస్థాపక శక్తిగా అందులో నిలవ ఉండి, వదిలినప్పుడు బయటికి వస్తుంది. బాల్‌పెన్ను రీఫిల్‌ను లోపలికి లాగేదీ, బాయిలర్ సేఫ్టీ వాల్వును మూసి ఉంచేదీ ఈ గుణమే. అది లక్షల సార్లు చెడకుండా పనిచేయాలంటే తీగ పైపొర మచ్చ లేకుండా ఉండాలి. చుట్ట స్ప్రింగును నొక్కినప్పుడు నిజానికి జరిగేది తీగ మెలిపడటం. ఆ మెలిక వల్ల పుట్టే ప్రతిబలం తీగ నడిమధ్యలో దాదాపు సున్నా. పైపొర దగ్గర గరిష్ఠం. చుట్ట లోపలి అంచున మరీ ఎక్కువ. అందుచేత తుప్పు తొలిచిన సూదిమొనంత గుంట చాలు, పగులు అక్కడ మొదలై తీగకు అడ్డంగా పాకుతుంది. స్ప్రింగుకు బలం ఎంత ముఖ్యమో తుప్పు పట్టకపోవడమూ అంతే ముఖ్యం. ఈ రెండు గుణాలూ ఒకే లోహంలో కుదరడానికి చాలా కాలం పట్టింది.

స్ప్రింగు పుట్టుక

యూరప్‌లో 15వ శతాబ్దం నాటికే గడియారాలను నడపడానికి చుట్టిన ఉక్కు పట్టీలు వాడుకలోకి వచ్చాయి. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో తిరిగి లాగుతుందన్న నియమాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ కనిపెట్టాడు. 1676లో దాన్ని లాటిన్ అక్షరాల పొడుపుకథగా అచ్చువేసి, 1678లో అర్థం విప్పి చెప్పాడు. ఈలోగా 1675లో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ గడియారపు బ్యాలెన్స్ చక్రానికి సన్నని సర్పిల స్ప్రింగు అమర్చిన పద్ధతిని ప్రకటించాడు. 1763లో ఇంగ్లండులో రిచర్డ్ ట్రెడ్‌వెల్ చుట్ట స్ప్రింగుకు పేటెంటు పొందాడు.

ఆ కాలపు స్ప్రింగులన్నీ కార్బన్ ఉక్కుతో చేసినవి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఆ ఉక్కు గట్టిపడుతుంది. మళ్లీ తక్కువ వేడి పెడితే పెళుసుతనం పోయి స్థితిస్థాపకత వస్తుంది. బలానికి లోటు లేదు, తడి తగిలితే మాత్రం తుప్పే. నూనె పూశారు, రంగు వేశారు, జింకు పూత పెట్టారు. విద్యుత్తుతో పూత వేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. పైకి చక్కగా కనిపించే స్ప్రింగు బరువు కింద కొంతసేపు నిలిచి హఠాత్తుగా విరిగిపోతుంది. ఇత్తడి, ఫాస్ఫర్ బ్రాంజు స్ప్రింగులు ఎర్ర తుప్పు పట్టవు గాని ఉక్కుకున్న బలం వాటికి లేదు.

తుప్పు పట్టని ఉక్కు

క్రోమియం కలిపిన ఇనుము ఆమ్లాలకు లొంగడం లేదని 1821లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బెర్తియే గమనించాడు. ఆ గమనింపు పరిశ్రమకు పనికి రావడానికి మరో 90 ఏళ్లు పట్టింది. 1912లో జర్మనీలోని ఎస్సెన్ పట్టణంలో క్రుప్ సంస్థకు చెందిన బెన్నో స్ట్రౌస్, ఎడువార్డ్ మౌరర్ క్రోమియం, నికెల్ కలిసిన ఉక్కును రూపొందించారు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకి గొట్టాలు లోపల త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, 1913 ఆగస్టులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కును కరిగించాడు. అది ఆమ్లాలకు చెక్కుచెదరకపోవడం చూసి, కత్తులకూ చెంచాలకూ పనికొస్తుందని గుర్తించాడు. 1920లలో షెఫీల్డ్‌లోనే లోహ శాస్త్రవేత్త హ్యాట్‌ఫీల్డ్ 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న పాళాన్ని వాడుకలోకి తెచ్చాడు. నేటి స్టెయిన్‌లెస్ (తుప్పు పట్టని) స్ప్రింగు తీగల్లో అత్యధిక భాగం ఈ 18-8 కుటుంబానిదే.

ఈ ఉక్కు తుప్పు పట్టకపోవడానికి కారణం క్రోమియం. అది 10.5 శాతం దాటితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద కొద్ది నానోమీటర్ల మందమున్న ఆక్సైడు పొరగా ఏర్పడుతుంది. కంటికి కనిపించని ఆ పొర నీటినీ ఆక్సిజన్‌నూ లోపలి ఇనుము దాకా పోనివ్వదు. గీత పడితే, ఆక్సిజన్ అందే చోట అది తనంతట తానే మళ్లీ అల్లుకుంటుంది. రంగో పూతో ఒకసారి ఊడితే మళ్లీ వేయాలి; ఈ పొరకు ఆ అవసరం లేదు.

అయితే స్ప్రింగు చేసేవారికి ఇక్కడొక చిక్కు ఎదురైంది. బ్రియర్లీ ఉక్కు కాల్చి ముంచితే గట్టిపడుతుంది గాని తుప్పును అంతగా ఆపలేదు. 18-8 ఉక్కు తుప్పును బాగా ఆపుతుంది గాని కాల్చి ముంచితే గట్టిపడదు సరికదా, మరింత మెత్తబడుతుంది. దానికి స్ప్రింగు బలం రావడానికి మిగిలిన దారి ఒకటే: వేడి లేకుండా తీగ లాగడం.

తీగలోకి బలం వచ్చే తీరు

కర్మాగారానికి వచ్చే ముడిసరుకు సుమారు 5.5 మిల్లీమీటర్ల మందం గల కమ్మీ. దాన్ని 1,050 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాల్చి వేగంగా చల్లారుస్తారు. దీంతో లోపలి కార్బన్ సమంగా కలిసిపోయి ఉక్కు మెత్తబడుతుంది. పైన పట్టిన పొలుసును నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచి తొలగిస్తారు. ఆపైన టంగ్‌స్టన్ కార్బైడు డైల గుండా, ఒకదానికంటే ఒకటి చిన్న రంధ్రాల గుండా చల్లగానే లాగుతారు. కంసాలి కమ్మచ్చులో బంగారు తీగ తీసే పద్ధతే ఇది. బాగా సన్నని తీగలకు వజ్రపు డైలు వాడతారు. తీగ డైకి అంటుకుపోకుండా సబ్బుపొడి లాంటి కందెనలు, కొన్నిచోట్ల పల్చని నికెల్ పూత సాయపడతాయి.

ఒక్కో డై దాటేకొద్దీ స్ఫటికాలు పొడవుగా సాగి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని, లోహం గట్టిపడుతుంది. మెత్తని స్థితిలో 600 నుంచి 700 మెగాపాస్కళ్లు ఉండే తన్యబలం, 1 మిల్లీమీటరు స్ప్రింగు తీగ అయ్యేసరికి సుమారు 1,800 నుంచి 2,000కు చేరుతుంది. తీగ సన్నబడేకొద్దీ ఈ బలం ఇంకా పెరుగుతుంది.

తీగ లాగేటప్పుడు మరో మార్పు జరుగుతుంది. 18-8 ఉక్కుకు సహజంగా అయస్కాంత గుణం ఉండదు. చల్లగా లాగినప్పుడు అందులో కొంత భాగం మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంగా మారుతుంది. దానికి అయస్కాంత గుణం ఉంది. అందువల్ల అసలైన స్టెయిన్‌లెస్ స్ప్రింగు కూడా అయస్కాంతానికి కాస్త అంటుకుంటుంది. అంటుకున్నంత మాత్రాన అది కల్తీ సరుకు అనుకోకూడదు. లోహం ఏదో రసాయన విశ్లేషణ వల్లే తేలుతుంది.

ఏ పనికి ఏ రకం

ఎక్కువగా వాడే రకం 302. అందులో 17 నుంచి 19 శాతం క్రోమియం, 8 నుంచి 10 శాతం నికెల్ ఉంటాయి. కార్బన్ కాస్త తక్కువగా ఉండే 304 దానికి దగ్గరి బంధువు. ఉప్పునీరు, రసాయనాలు తగిలే చోట 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 మెరుగు; దాని బలం మాత్రం 302 కంటే కొంత తక్కువ. పట్టీ స్ప్రింగులకు 301 ఎక్కువగా వాడతారు. 1940లలో అమెరికాలోని ఆర్మ్‌కో సంస్థ తెచ్చిన 17-7 పీహెచ్ రకంలో సుమారు ఒక శాతం అల్యూమినియం ఉంటుంది. తీగ లాగి, చుట్ట చుట్టిన తర్వాత దాన్ని సుమారు 480 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే, నికెల్ అల్యూమినియంల సూక్ష్మ రేణువులు లోహం అంతటా ఏర్పడి బలాన్ని మరింత పెంచుతాయి. విమాన భాగాల్లో ఈ రకానికి మంచి పేరుంది.

స్టెయిన్‌లెస్ స్ప్రింగు తీగకు భారత ప్రమాణం ఐఎస్ 4454లోని నాలుగో భాగం. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎ313, యూరప్‌లో ఈఎన్ 10270-3 ఆ పని చేస్తాయి. ఈ ఉక్కుకు ప్రాణమైన క్రోమియం క్రోమైట్ ఖనిజం నుంచి వస్తుంది. భారతదేశపు క్రోమైట్ నిల్వల్లో అత్యధిక భాగం ఒడిశాలోని సుకింద లోయ ప్రాంతంలో ఉంది. రక్షణ, అంతరిక్ష రంగాలకు కావలసిన ప్రత్యేక ఉక్కులనూ సూపర్ అల్లాయ్‌లనూ 1973లో ఏర్పడిన హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్ తయారు చేస్తోంది.

లెక్క

చుట్ట స్ప్రింగు గట్టితనం మూడు కొలతల మీద ఆధారపడుతుంది. తీగ మందాన్ని రెట్టింపు చేస్తే గట్టితనం 16 రెట్లవుతుంది. చుట్ట వ్యాసాన్ని రెట్టింపు చేస్తే ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. చుట్ల సంఖ్య రెట్టింపైతే సగమవుతుంది. తీగ మందంలో ఒక శాతం తేడా వస్తే స్ప్రింగు బలంలో దాదాపు 4 శాతం తేడా వస్తుంది కాబట్టి తీగను మైక్రాన్ల లెక్కన కొలుస్తారు. చుట్ట సగటు వ్యాసం తీగ మందానికి 4 నుంచి 12 రెట్ల మధ్య ఉంటే తయారీ సులువు. అంతకంటే బిగువుగా చుడితే తీగ లోపలి అంచు మీద ఒత్తిడి పెరుగుతుంది. మరీ వదులుగా చుడితే కొలత నిలవదు.

లోహం స్వభావమూ లెక్కలోకి వస్తుంది. కార్బన్ స్ప్రింగు ఉక్కు దృఢతా గుణకం సుమారు 79 గిగాపాస్కళ్లు, 302 రకానిది సుమారు 69. అవే కొలతలతో లోహం మాత్రమే మారిస్తే స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఎనిమిదో వంతు మెత్తగా వస్తుంది. పాత స్ప్రింగు స్థానంలో స్టెయిన్‌లెస్ పెట్టదలచినప్పుడు మళ్లీ లెక్క వేయాలనేది అందుకే.

చుట్ట నుంచి స్ప్రింగు దాకా

నేటి కర్మాగారాల్లో కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ కాయిలింగ్ యంత్రాలు చుట్టలు చుడతాయి. రోలర్లు తీగను ముందుకు తోస్తాయి. అది గైడు నుంచి బయటికి వచ్చి గట్టి లోహపు మొనలకు తగిలి వంపు తిరుగుతుంది. పిచ్ టూల్ అనే పనిముట్టు చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం పెడుతుంది. కావలసిన చుట్లు పూర్తికాగానే కత్తి తెగకోస్తుంది. స్టెయిన్‌లెస్ తీగ కార్బన్ తీగ కంటే ఎక్కువగా వెనక్కి విచ్చుకుంటుంది కాబట్టి కావలసిన వ్యాసం కంటే బిగువుగా చుట్టాలి.

చుట్టడం వల్ల తీగలో అనవసరపు ప్రతిబలాలు మిగులుతాయి. 302 రకం స్ప్రింగులను 340 డిగ్రీల ప్రాంతంలో సుమారు అరగంట కొలిమిలో ఉంచితే ఆ ప్రతిబలాలు సడలుతాయి. ఈ వేడికి కార్బన్ ఉక్కు చుట్ట కాస్త ముడుచుకుంటుంది, స్టెయిన్‌లెస్ చుట్ట కాస్త విప్పారుతుంది. అనుభవమున్న పనివారు ఈ మార్పును ముందే లెక్కగట్టి చుడతారు.

తర్వాత నొక్కుడు స్ప్రింగుల కొసలను సానరాళ్ల మధ్య అరగదీసి చదును చేస్తారు. చుట్లన్నీ ఒకదానికొకటి తాకేదాకా కొన్నిసార్లు నొక్కి వదులుతారు. అప్పుడు పొడవు తగ్గవలసినంత అక్కడే తగ్గిపోయి, యంత్రంలో అమర్చాక మళ్లీ కుంగదు. ఎక్కువ సార్లు పనిచేయవలసిన వాటి మీద సన్నని గుళ్లను వేగంగా కురిపిస్తారు. ఆ దెబ్బలకు పైపొరలో నొక్కుడు ప్రతిబలం ఏర్పడి పగులు పుట్టడం ఆలస్యమవుతుంది. ఇందుకు స్టెయిన్‌లెస్ గుళ్లో గాజు పూసలో వాడాలి. మామూలు ఇనుప గుళ్లు వాడితే వాటి రేణువులు అంటుకుని స్టెయిన్‌లెస్ మీదే తుప్పు మచ్చలు కడతాయి. కార్బన్ ఉక్కును అరగదీసిన సానరాయితోనూ ఇదే ముప్పు. చివరగా నైట్రిక్ లేదా సిట్రిక్ ఆమ్లంలో ముంచి పైనున్న ఇనుప రేణువులను కరిగించేస్తారు. శుభ్రమైన ఉపరితలం మీద క్రోమియం ఆక్సైడు పొర నిండుగా ఏర్పడుతుంది. నిర్ణీత పొడవుకు నొక్కి బలం కొలవడం, లక్షల సార్లు ఆడించి చూడడం, ఉప్పునీటి పొగమంచులో ఉంచడం ఆఖరి పరీక్షలు.

పరిశ్రమలో వాడకం

రసాయన కర్మాగారాల పంపుల్లో ఇరుసు పక్కనుంచి ద్రవం కారకుండా మెకానికల్ సీలు ఆపుతుంది. అందులో తిరిగే ముఖాన్ని కదలని ముఖానికి ఎప్పుడూ ఆనించి ఉంచేది స్ప్రింగు. పాల కర్మాగారాల్లో గొట్టాలనూ వాల్వులనూ విప్పకుండానే క్షారంతో, ఆమ్లంతో తరచూ కడుగుతారు. మామూలు ఉక్కు ఆ కడుగుడుకు తట్టుకోలేదు. ఆసుపత్రి పనిముట్లను 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేస్తారు; వాటిలోని స్ప్రింగు ఆ ఆవిరికి తట్టుకోవాలి. ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్లలో, మందును తనంతట తానే ఎక్కించే ఇంజెక్షన్ పెన్నుల్లో ఉండే చిన్న స్ప్రింగు సరైన మోతాదు అందడానికి ఆధారం. సబ్బునీళ్ల సీసా మూతలో ఉండేదీ ఇదే కుటుంబానికి చెందినది. 1867లో ఫ్రాన్సులో జూలియన్ బెల్‌విల్ పేటెంటు పొందిన గిన్నె ఆకారపు బిళ్ల స్ప్రింగులను ఒకదానిపై ఒకటి పేర్చి, తక్కువ చోటులో ఎక్కువ బలం కావలసిన వాల్వుల్లో వాడతారు.

వేడి విషయంలోనూ స్టెయిన్‌లెస్‌దే పైచేయి. కార్బన్ స్ప్రింగు తీగను 120 డిగ్రీలు దాటి వాడకూడదు. 302 సుమారు 260 డిగ్రీల దాకా, 17-7 పీహెచ్ 315 డిగ్రీల పైచిలుకు దాకా పనిచేస్తాయి. అది దాటితే ఇన్‌కోనెల్ వంటి నికెల్ మిశ్రలోహాలు కావాలి.

హద్దులు

స్టెయిన్‌లెస్ అన్నిటికీ మందు కాదు. దాని ప్రధాన శత్రువు క్లోరైడు. ఉప్పునీరు రక్షక పొరను అక్కడక్కడా ఛేదించి లోతైన గుంటలు తొలుస్తుంది. క్లోరైడుతోపాటు 60 డిగ్రీలు మించిన వేడి, లాగుడు ప్రతిబలం కలిస్తే 18-8 ఉక్కు నెర్రెలు విచ్చి విరిగిపోవచ్చు. 316 మరికొంత ఓర్చుకుంటుంది, అంతే. హైడ్రోజన్ సల్ఫైడు ఉండే చమురు బావుల్లో నికెల్, కోబాల్టు మిశ్రలోహాలను ఎంచుకుంటారు. కార్ల సస్పెన్షన్, ఇంజను వాల్వు స్ప్రింగులకు నేటికీ సిలికాన్, క్రోమియం కొద్దిగా కలిపిన మామూలు స్ప్రింగు ఉక్కులే వాడుతున్నారు. మందపాటి తీగలో వాటి బలం ఎక్కువ, ధర తక్కువ.

స్ప్రింగును ఎంచుకునేవారు మూడు విషయాలు ముందే తేల్చుకోవాలి: అది ఏ గాలిలో, ఏ ద్రవంలో ఉంటుంది; ఎంత వేడి తగులుతుంది; ఎన్నిసార్లు ఆడాలి. పొడిగా ఉండే, నూనె అందే చోట కార్బన్ ఉక్కు చాలు. తడి తగిలే చోట, ఆహారానికీ మందుకూ ఆనుకునే చోట, మార్చడానికి యంత్రాన్నే ఆపవలసిన చోట స్టెయిన్‌లెస్ స్ప్రింగుకు పెట్టే అదనపు ఖర్చు వృథా పోదు.