పాత కార్ల ఎగ్జాస్ట్ మానిఫోల్డ్: వేడిని తట్టుకునే పూతల ఎంపిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పాత అంబాసిడర్ కారు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి మాత్రం ఇంజిన్‌పై భారం పెరిగినప్పుడు 400 డిగ్రీలను మించగలదు. ఈ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినందున, ఉన్న పోత ఇనుప భాగాన్ని తుప్పు నుండి కాపాడుకోవడం ఆవశ్యకం.

సాధారణ వెండిరంగు పెయింట్ చూపుకు తగినదిగా కనిపించినా ఈ వేడికి మాడి రాలిపోతుంది. సిలికోన్ రెజిన్‌లో అల్యూమినియం పొడి కలిపిన పెయింట్ సుమారు 600 డిగ్రీల వరకు నిలుస్తుంది. ఖర్చు తక్కువ, షెడ్డులోనే వేయవచ్చు. గాజుపొడిని కొలిమిలో కరిగించి అతికించే పింగాణీ పూత నిగనిగలాడుతుంది గాని, దెబ్బ తగిలితే పెచ్చులూడుతుంది. సిరామిక్ పూత అంతకంటె అధిక వేడిని తట్టుకుంటుంది. అయితే దానికి ప్రత్యేక పరికరాలు, అధిక వ్యయం తప్పవు.

పూత ఏదైనా, తుప్పును, నూనె జిడ్డును పూర్తిగా తొలగించాలి. సిలికోన్ పెయింట్ కింద సాధారణ రెడాక్సైడ్ ప్రైమర్ వాడరాదు. అది మాడితే పైపూత కూడా ఊడుతుంది. పలుచని పొరలుగా వేసి, ఆరిన పిదప ఇంజిన్‌ను కొద్దికొద్దిసేపు నడుపుతూ క్రమంగా వేడి చేస్తేనే ఆ పెయింట్ గట్టిపడుతుంది.

అన్నిటికంటె ముందు పగుళ్లను పరీక్షించాలి. జాయింట్ల వద్ద కనిపించే మసిచార పొగ కారుతున్నదనడానికి గుర్తు. దానిపై రంగు వేస్తే గుర్తు చెరిగిపోతుంది గాని పగులు పూడదు. ఆ సందుగుండా వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరితే ప్రాణాపాయం. కనుక మరమ్మతు ముందు, పూత తరువాత.