మీకు తెలుసా? సేల్‌లో రద్దీ పెరిగితే కోరికా పెరుగుతుంది

కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేట్‌లో ఉన్న ఖైతాన్ ప్రవాసులు కిక్కిరిసి ఉండే ప్రాంతం. వారిలో తెలుగువారూ ఉన్నారు. పేరున్న బ్రాండ్ల దుస్తులు కావాలంటే అల్ రాయ్‌లోని అవెన్యూస్ మాల్ ఉంది. అది 2007లో తెరుచుకుంది. 1999లో మొదలైన 'హలా ఫిబ్రవరి' ఉత్సవం తగ్గింపు ధరలకు పెట్టింది పేరు.

కువైట్ దినార్‌కు 1000 ఫిల్స్ కాబట్టి ధర చీటీ మీద చుక్క తర్వాత మూడంకెలు ఉంటాయి. 4.950 అని ఉంటే కంటికి నాలుగే ఆనుతుంది. అయిదుకు తక్కువైంది 50 ఫిల్సే.

సేల్‌లో జనాన్ని చూసి వెనక్కి తగ్గాల్సింది పోయి, తహతహ ఎందుకు పెరుగుతుంది? 1975లో స్టీఫెన్ వర్షెల్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగంలో, సీసాలో 10 బిస్కెట్లు ఉన్నప్పటికన్నా రెండే ఉన్నప్పుడు పాల్గొన్నవారు వాటికి ఎక్కువ విలువ కట్టారు. ఇతరులు అడగడం వల్లే అవి తగ్గాయని తెలిస్తే మోజు ఇంకా పెరిగింది. హ్యాంగర్‌కు మిగిలిన ఒక్క చొక్కా మీద పక్కవారి చెయ్యి పడగానే అది తెగ నచ్చేయడానికి కారణం ఇదే. సైజు సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు.