మీకు తెలుసా? పాతికేళ్ల తర్వాత పొట్టిదైన స్పోర్ట్స్ కారు

కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా కారు కాస్త పొడుగవడం, కాస్త బరువెక్కడం మామూలే. హిరోషిమాలో తయారయ్యే మాజ్డా ఎంఎక్స్-5 కూడా కొంతకాలం ఆ దారిలోనే నడిచింది. తర్వాత ఆగి, వెనక్కి తిరిగింది. జపాన్‌లో దీన్ని రోడ్‌స్టర్ అంటారు, అమెరికాలో మియాటా అంటారు. మాజ్డా పేరు వినగానే మనకు స్వరాజ్ మాజ్డా స్కూలు బస్సులు గుర్తొస్తాయి కానీ, అమెరికాలో ఉండే మనవాళ్లకు ఈ టాప్ తెరుచుకునే బుల్లి కారు రోడ్డు మీద తరచూ కనిపించేదే. 1989 నాటి మొదటి తరాన్నీ, 2015లో అమ్మకానికొచ్చిన నాలుగో తరాన్నీ పోల్చి చూద్దాం.

ఆలోచన ఇచ్చింది ఒక విలేకరి

1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ కార్ల విలేకరి, మాజ్డాలో పరిశోధన విభాగం చూస్తున్న కెనిచి యమమోటోను కలిశాడు. తేలికగా, చవకగా ఉండే రెండు సీట్ల ఓపెన్ కారు చేయమని చెప్పి, బోర్డు మీద బొమ్మ కూడా గీసి చూపించాడు. ఎంజీ వంటి బ్రిటిష్ ఓపెన్ కార్లు కనుమరుగవుతున్న రోజులవి. తర్వాత హాల్ మాజ్డాలోనే ఉద్యోగంలో చేరాడు. తోషిహికో హిరాయ్ నాయకత్వంలో తయారైన ఆ కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చింది.

కొత్తదే పొట్టి

జపాన్ లెక్కల ప్రకారం మొదటి తరం పొడవు 3,970 మిల్లీమీటర్లు. నాలుగో తరం 3,915 మాత్రమే. అంటే అయిదున్నర సెంటీమీటర్లు తగ్గింది. వెడల్పు 1,675 నుంచి 1,735కు పెరిగింది. ఎత్తు మాత్రం రెండింటికీ 1,235 మిల్లీమీటర్లే! ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరాన్ని 2,265 నుంచి 2,310కి పెంచారు. ఇరుసులకు ముందూ వెనకా పొడుచుకొచ్చే భాగాన్ని కత్తిరించబట్టే ఇది కుదిరింది. ఆ కొసల్లో బరువు తగ్గితే బండి మలుపులో చురుగ్గా తిరుగుతుంది.

26 ఏళ్లు, 50 కిలోలు

జపాన్‌లో మొదటి తరం బరువు 940 కిలోలు. నాలుగో తరంలో అన్నిటికన్నా తేలికైన 1.5 లీటర్ల మోడల్ 990 కిలోలు. తేడా రెండు పాతిక కేజీల బియ్యం బస్తాలంత! 1989 నాటి బండిలో లేని స్టెబిలిటీ కంట్రోల్, పక్క ఎయిర్‌బ్యాగులు, ఆరో గేరు, గట్టిపడిన బాడీ ఇవన్నీ ఆ యాభై కిలోల్లోనే ఇమిడిపోయాయి. పాతదానిలో బానెట్ అల్యూమినియంతో చేస్తే, కొత్తదానిలో డిక్కీ మూత, ముందు ఫెండర్లు కూడా అల్యూమినియమే. గ్రాములు లెక్కపెట్టి మరీ బరువు తగ్గించారు.

మధ్యలో దారి తప్పిందా?

1998లో వచ్చిన రెండో తరం కాస్త బరువెక్కింది. 2005 నాటి మూడో తరం 1,100 కిలోల దగ్గరకు చేరింది. అందులో 2 లీటర్ల ఇంజన్ వచ్చింది, తర్వాతి ఏడాది మీట నొక్కితే ముడుచుకునే గట్టి టాప్ కూడా వచ్చింది. సౌకర్యం పెరిగిన మాట నిజం. అయినా నాలుగో తరం చేసినవాళ్లు మూడో తరం కన్నా దాదాపు వంద కిలోలు తీసేశారంటే, అసలు బలం ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసన్నమాట.

చిన్న ఇంజన్, ఎక్కువ శక్తి

జపాన్ మోడళ్లలో 1989 నాటి 1.6 లీటర్ల ఇంజన్ 120 హార్స్‌పవర్ ఇచ్చేది. 2015 నాటి 1.5 లీటర్ల ఇంజన్ 131 ఇచ్చింది. టర్బో లేకుండానే! పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మడం, కంప్రెషన్ నిష్పత్తిని 9.4 నుంచి 13కు పెంచడం దీనికి ముఖ్య కారణాలు. పెట్రోలు, గాలి మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కి మండిస్తే, అదే పెట్రోలు నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. నాలుగో తరంలోనే ఉన్న 2 లీటర్ల ఇంజన్‌ను 2018లో మళ్లీ మెరుగుపరిచి, నిమిషానికి 6,800 చుట్లుగా ఉన్న గరిష్ఠ పరిమితిని 7,500కు చేర్చారు.

లైట్ల బదులు బానెట్ లేస్తుంది

మొదటి తరానికి అందం బానెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లే. రెండో తరంతోనే అవి పోయాయి. నాలుగో తరంలో యూరప్, జపాన్ మోడళ్లకు మరో ఏర్పాటు ఉంది. పాదచారిని ఢీకొంటే బానెట్ వెనక భాగం చటుక్కున పైకి లేస్తుంది. బానెట్‌కూ కింద ఉన్న ఇంజన్‌కూ మధ్య ఖాళీ పెరిగి, తలకు తగిలే దెబ్బ తగ్గుతుంది. అందం పోయిందని బాధపడే అభిమానులున్నారు. ప్రాణం కాపాడే మార్పును మాత్రం మనసారా మెచ్చుకోవాల్సిందే.

జిప్ తీయక్కర్లేదు

పాతదానికి వెనక అద్దం ప్లాస్టిక్‌ది. మడత పడి చిట్లకుండా ఉండాలంటే ముందు దాని జిప్ తీసి, ఆ తర్వాత టాప్ దించాలి. రెండో తరంతో నిజమైన గాజు వచ్చింది. కొత్తదానిలో సీటు దిగకుండా ఒంటిచేత్తో టాప్ వెనక్కి వేయొచ్చు. మోటార్ లేదు కాబట్టి దాని బరువూ లేదు.

బరువు పెంచకుండా మెరుగు

2021 చివర్లో ప్రకటించిన ఒక మార్పు ముచ్చటైనది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు వెనక చక్రానికి మాత్రమే బండి తనంతట తానే సన్నగా బ్రేకు వేస్తుంది. వెనక సస్పెన్షన్ అమరిక వల్ల ఆ బ్రేకు బాడీని కిందికి లాగి, పక్కకు ఒరగడాన్ని తగ్గిస్తుంది. ఉన్న భాగాలతోనే చేసిన పని ఇది. ఒక్క గ్రాము కూడా పెరగలేదు.

నాలుగు తరాల్లోనూ మారనివి

రెండే సీట్లు, ముందు ఇరుసు కన్నా కాస్త వెనగ్గా జరిపిన ఇంజన్, వెనక చక్రాలకు శక్తి, ముందూ వెనకా సమానంగా పంచిన బరువు. గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ కలిపే అల్యూమినియం దూలం కూడా మొదటినుంచీ ఉంది. దాని వల్ల యాక్సిలరేటర్ తొక్కగానే చక్రాలు ఆలస్యం లేకుండా స్పందిస్తాయి.

లోకం మెచ్చిన బండి

2000లోనే 5,31,890 బళ్లతో, ప్రపంచంలో ఎక్కువగా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్‌కెక్కింది. 2016 ఏప్రిల్ 22న పది లక్షవ బండి తయారైంది. అదే ఏడాది నాలుగో తరం ‘వరల్డ్ కార్ ఆఫ్ ది ఇయర్’, ‘వరల్డ్ కార్ డిజైన్ ఆఫ్ ది ఇయర్’ రెండూ గెలిచింది. ఒకే ఏడాది ఆ రెండూ అందుకున్న మొదటి కారు ఇదే.

పాతబండికి పుట్టింట్లోనే మరమ్మతు

మొదటి తరం బళ్లను కొత్తవాటిలా తీర్చిదిద్దే పథకాన్ని జపాన్‌లో మాజ్డాయే 2017లో ప్రకటించింది. పాత టాప్‌లు, స్టీరింగ్ చక్రాలే కాదు, 14 అంగుళాల నాటి టైర్లను కూడా బ్రిడ్జ్‌స్టోన్‌తో మళ్లీ తయారు చేయించింది.

మరి ఏది మేలు?

భద్రత, బ్రేకులు, మైలేజీ, రోజువారీ వాడకం చూస్తే కొత్తదే. రోడ్డు గరుకుదనం స్టీరింగ్‌లోంచి చేతికి నేరుగా తెలియాలనుకునేవారికి పాతదే. కొత్తదానిలోని ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఆ స్పర్శను కొంత తగ్గించింది. అయినా ఈ రెండు బళ్లూ నేర్పే పాఠం ఒక్కటే: నడిపేవారికి ఆనందం ఇవ్వాలంటే ఇంజన్ పెంచుకుంటూ పోవడం కన్నా బరువు తగ్గించడమే మంచి దారి. అన్ని కార్లూ లావెక్కుతున్న ఈ కాలంలో ఆ పాఠం ప్రతి కంపెనీకీ అవసరం.