అసలు, నకలు, ఒక కన్నం

పొలం లెక్కలు కంప్యూటర్లకు ఎక్కకముందు ప్రతి ఊరికీ ఒక అడంగల్ పుస్తకం ఉండేది. ఏ చేను ఎవరిది, అందులో ఏ పంట వేశారు అన్న వివరాలు దానిలో రాసేవారు. పుస్తకాన్ని చూడనిచ్చేవారు గాని, దానిమీద గీత గీయనిచ్చేవారు కాదు. గుర్తులు పెట్టుకోవాలంటే నకలు తీయించుకోవలసిందే. పెదపారుపూడి చుట్టుపక్కల పొలమున్న ఏ తాతగారిని అడిగినా ఈ సంగతి చెబుతారు.

కంప్యూటర్ లోపల కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. యంత్రంలోని జ్ఞాపకాన్నీ ఫైళ్ళనూ కాపలా కాస్తూ, ఏ ప్రోగ్రాంకు ఏది ఇవ్వాలో నిర్ణయించే భాగాన్ని కెర్నెల్ అంటారు. గింజలోని పప్పు అని ఆ మాటకు అర్థం. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్, నేడు మీ ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉంది. పది ప్రోగ్రాములు ఒకే ఫైలును చదువుతుంటే అది పది ప్రతులు తయారుచేయదు. ఒక్క ప్రతినే అందరికీ చూపిస్తుంది. ఎవరైనా రాయబోతే మాత్రం ఆ ఒక్క పేజీకి అప్పటికప్పుడు నకలు తీసి ఇస్తుంది. ఎంత పొదుపో చూశారా!

ఇంత చక్కని ఏర్పాటులో కన్నం ఎక్కడుంది? ఒక గుమాస్తాను ఊహించుకోండి. రంగడు వచ్చి, "రాసుకోవడానికి కాగితం కావాలి" అన్నాడు. గుమాస్తా చీటీమీద 'రాతకు' అని వేసుకుని, నకలు తీసి బల్లమీద పెట్టాడు. నకలు తయారైంది, ఇక అసలుకు భయంలేదని చీటీమీద 'రాతకు' అన్న మాట కొట్టేశాడు. బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళి కాగితం తెచ్చి ఇవ్వడమే మిగిలింది. ఈలోగా రంగడి తమ్ముడు మరో కిటికీ దగ్గరికి వచ్చి, "మా నకలు మాకు అక్కర్లేదు, పారేయండి" అన్నాడు. పారేశారు. గుమాస్తా వచ్చి చూస్తే బల్లమీద నకలు లేదు. చీటీ చూస్తే 'రాతకు' అన్న మాటా లేదు. చదువుకోవడానికే కాబోలుననుకుని అసలు పుస్తకాన్నే తెచ్చి రంగడి చేతిలో పెట్టాడు. రంగడి రెండో చేతిలో కలం ఉంది!

ఇక్కడ అన్నదమ్ములిద్దరూ ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే రెండు పాయలు. ఎవరు ముందు వస్తారన్నదాన్నిబట్టి ఫలితం మారిపోతుంది గనుక ఇలాంటి లోపాన్ని రేస్, అంటే పరుగుపందెం అంటారు. ఒక్కసారి ప్రయత్నిస్తే కుదరకపోవచ్చు. కాని కంప్యూటర్ సెకనుకు వేలసార్లు ప్రయత్నించగలదు. ఏ వినియోగదారుకు ఎంత అధికారమో రాసి ఉండే ఫైలును ఇలా దిద్దితే, మామూలు మనిషి యంత్రానికే యజమాని అయిపోతాడు.

తలుపుకు గడియ వేస్తే పోలా అంటారేమో. ఒకరు పనిలో ఉండగా మరొకరు చొరబడకుండా చూసే ఉపాయాన్ని డచ్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1965లోనే ప్రచురించారు. అయితే ఒక్కోసారి పేజీని డిస్కునుంచి తేవాలి. అంతసేపూ గడియ వేసి ఉంచితే మిగతా పనులన్నీ వాకిట్లో నిలబడతాయి. అందుకే నడుమ విరామం తప్పదు.

2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ మొదలుకొని 2016 దాకా ఈ కన్నం లినక్స్‌లో ఉంది. ఫిల్ ఓస్టర్ అనే నిపుణుడు తన సర్వర్‌కు వచ్చే రాకపోకలను నమోదు చేసి ఉంచేవాడు. ఎవరో దీనిని వాడుకుంటున్నట్లు ఆ నమోదులో బయటపడింది. దీనికి 'డర్టీ కౌ' అని పేరు పెట్టారు. రాసేటప్పుడే నకలు అన్న ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపితే కౌ, అంటే ఆవు అవుతుంది. పాపం, ఆవు ఏంచేసింది?

టోర్వాల్డ్స్ 2005లోనే ఇలాంటి కన్నాన్ని పూడ్చబోయారు. ఆ దిద్దుబాటు ఐ.బి.ఎం. వారి ఒక రకం పెద్ద కంప్యూటర్లలో చిక్కులు తెచ్చినందున వెనక్కి తీసేశారు. అప్పట్లో ఇది ఊహకే పరిమితమైన ప్రమాదంగా ఉండేది. కెర్నెల్ ఏకకాలంలో ఎక్కువ పనులు చేయడం నేర్చుకున్నకొద్దీ అది చేతికందే ప్రమాదమైంది. పదకొండేళ్ళ తర్వాత ఆయనే మళ్ళీ కూర్చుని దిద్దారు, అదీ కొద్ది పంక్తులలోనే! 'రాతకు' అన్న మాటను ఇక కొట్టేయరు. పక్కన 'నకలు తీశాం' అని మరో గుర్తు వేస్తారు. కాగితం ఇచ్చేముందు ఆ గుర్తునూ, కాగితంమీద 'ఇది మార్చిన పేజీ' అన్న ముద్రనూ రెండింటినీ చూస్తారు. నకలు పోయి ఉంటే మళ్ళీ నకలు తీస్తారు.

కథ అక్కడితో అయిపోలేదు. సాధారణ పేజీ 4,096 బైట్లు. వేగం కోసం చాలా యంత్రాలలో 2 మెగాబైట్ల పెద్ద పేజీలు కూడా వాడతారు. ఆ పెద్ద పేజీలను ఊరికే చదివినా 'మార్చిన పేజీ' ముద్ర పడుతోందని 2017 నవంబరులో తేలింది. అంటే ముద్ర చూసి నకలని నమ్మడానికి వీల్లేదన్నమాట. దానినీ దిద్దవలసి వచ్చింది.

ఇలాంటివాటిని మనిషి కంటితో పట్టడం కష్టం గనుక కెర్నెల్‌లోనే పహరా సాధనాలు పెట్టారు. వదిలేసిన జ్ఞాపకాన్ని మళ్ళీ ముట్టుకుంటే అరిచే 'కేసాన్' 2015లోనూ, రెండు పాయలు ఒకే చోట అదుపు లేకుండా తగులుకుంటే పట్టే 'కేసీసాన్' 2020లోనూ లినక్స్‌లో చేరాయి. పరీక్ష సమయంలోనే వీటిని నడుపుతారు. ఇవి యంత్రాన్ని బాగా నెమ్మదింపజేస్తాయి.

మీ ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోను మూలన పడి ఉంటే, సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు తెరిచి 'సెక్యూరిటీ ప్యాచ్' తేదీ చూడండి. 2016 డిసెంబరు 5 గాని, ఆ తర్వాతిది గాని అయితే 2016నాటి దిద్దుబాటు దానికి అందినట్లే. అంతకన్నా బాగా పాతదైతే అందులో బ్యాంకు యాప్ పెట్టవద్దని ఇంట్లోవారికి చెప్పండి.