డీజిల్ ఇంజన్ పని తీరు తెలిస్తే అనవసర మరమ్మతులు తప్పుతాయి

కాలువ చివరి భూముల్లో వరి పొట్ట దశకు వచ్చాక వంతు నీరు అందకపోతే డీజిల్ ఇంజనే దిక్కు. సరిగ్గా ఆ రోజే ఇంజన్ మొరాయిస్తే పంట మీదికి వస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక రైతు, ఇంజన్ నల్లటి పొగ కక్కుతూ నీరు లాగడం లేదని కొత్త నాజిల్ వేయించారు. పొగ తగ్గలేదు. నేను వెళ్లి చూస్తే ఎయిర్ క్లీనర్ నిండా ఊక దుమ్ము! దాన్ని శుభ్రం చేయగానే ఇంజన్ మామూలుగా నడిచింది. పని తీరు తెలిసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

లోపల ఏం జరుగుతుంది?

సైకిల్ పంపు గట్టిగా కొడితే దాని అడుగు భాగం వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆధారం ఇదే. ఇందులో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ సుమారు 16 నుంచి 20 వంతుల్లో ఒక వంతుకు నొక్కేస్తుంది. గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను మంచులా చిమ్మగానే అదే అంటుకుంటుంది.

పిస్టన్ పని నాలుగు దశల్లో సాగుతుంది.

1. పీల్చడం: పిస్టన్ కిందికి దిగుతుంది, గాలి లోపలికి వస్తుంది.
2. నొక్కడం: వాల్వులు రెండూ మూసుకుంటాయి, పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కుతుంది.
3. మండడం: డీజిల్ మండి పిస్టన్‌ను కిందికి నెడుతుంది.
4. వదలడం: కాలిన పొగ బయటకు పోతుంది.

శక్తి వచ్చేది మూడో దశలో మాత్రమే. మిగతా మూడింటినీ బరువైన ఫ్లైవీల్ తన ఊపుతో నడిపిస్తుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో 750 సార్లు డీజిల్ మండుతుంది.

అంటే ఇంజన్‌కు కావలసినవి మూడు: శుభ్రమైన గాలి, తగిన నొక్కుడు, సమయానికి డీజిల్. ఇంజన్ మొరాయించినప్పుడు వీటిలో ఏది తక్కువైందో ముందు చూడాలి.

పొగను బట్టి లోపం

• నల్ల పొగ: గాలి చాలడం లేదు, లేదా ఇంజన్‌పై భారం ఎక్కువైంది. ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. తర్వాతే నాజిల్ సంగతి.
• నీలం పొగ: ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఆయిల్ మట్టం గీత దాటిందేమో చూడండి. దాటకపోతే రింగులు అరిగి ఉండవచ్చు.
• తెల్ల పొగ: డీజిల్ పూర్తిగా మండడం లేదు. చలి ఉదయం కాసేపు రావడం మామూలే. వేడెక్కాక కూడా వస్తుంటే నొక్కుడు తగ్గడం, నాజిల్ లోపం లేదా డీజిల్‌లో నీరు కారణం కావచ్చు.
• హ్యాండిల్ తిప్పినా పొగే రాకపోతే: డీజిల్ అందడం లేదు. ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే గొట్టంలో గాలి చేరుతుంది. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు లేకుండా డీజిల్ వచ్చాక బిగించండి.

నొక్కుడు పరీక్షించాలంటే స్టాప్ లీవర్ వేసి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఒకచోట గట్టిగా ఎదురు తన్నాలి. సులువుగా తిరిగిపోతే మెకానిక్‌ను పిలవాల్సిందే.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త

నీటిమట్టం తగ్గిందని ఇంజన్‌ను బావిలోకి దించి నడపకండి. మూసిన షెడ్డులోనూ నడపవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. బావిలో ఎవరైనా పడిపోతే వెంటనే వెనకాలే దిగకండి, దిగినవారికీ అదే ప్రమాదం. 101, 108 నంబర్లకు ఫోన్ చేయండి.

రోజూ ఇంజన్ వేసే ముందు ఆయిల్ మట్టం, చల్లబరిచే నీరు, ఎయిర్ క్లీనర్ చూసుకోండి. ఐదు నిమిషాల పని. నీరు అవసరమైన రోజున ఇంజన్ మిమ్మల్ని నిలబెట్టదు.