కారు ఏసీకి సర్వీసు ఎప్పుడు అవసరం?

కారు ఏసీ చేసే పని లోపలి వేడిని బయటికి మోసుకుపోవడం. మట్టికుండ పైకి ఊరిన తేమ ఆవిరవుతూ నీళ్ల వేడిని లాక్కుపోయినట్టే, ఏసీలోని ద్రవం ఆవిరవుతూ కారులోని గాలి వేడిని పీల్చుకుంటుంది. కుండమీది తేమ గాలిలో కలిసిపోతుంది. ఏసీలోని ఆవిరి మళ్లీ ద్రవంగా మారి అదే గొట్టాల్లో తిరుగుతుంది. ఎక్కువ కార్లలో ఇందుకు వాడే ఆర్-134ఏ అనే గ్యాస్ మామూలు వాతావరణ పీడనం వద్ద సుమారు మైనస్ 26 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది.

ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఈ ఆవిరిని గట్టిగా నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో అది తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని దారిగుండా పోతూ పీడనం కోల్పోయి చల్లబడుతుంది. డ్యాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరై, బ్లోయర్ తోసే గాలి వేడిని తీసుకుంటుంది.

వేడి ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్నచోటి నుంచి తక్కువ వేడిగా ఉన్నచోటికే పోతుంది. ఖాజీపేట, మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కండెన్సర్ వేడిని వదలాలంటే అందులోని గ్యాస్ బయటి గాలికన్నా చాలా వేడిగా ఉండాలి. అంటే కంప్రెసర్ దాన్ని మరింత గట్టిగా నొక్కాలి. చలికాలంలో కనబడని చిన్న లోపం వేసవిలో బయటపడేది ఇందుకే.

సర్వీసు అవసరమో కాదో చెప్పే మొదటి గుర్తు గాలి చల్లదనం. లోపలి గాలే తిరిగేలా బటన్ నొక్కి, ఏసీని పది నిమిషాలు నడిపాక మధ్య గాలిరంధ్రం దగ్గర థర్మామీటరు పెడితే సాధారణంగా 5 నుంచి 10 డిగ్రీల మధ్య చూపుతుంది. మండుటెండలో ఆగి ఉన్న కారులో ఇంకొంచెం ఎక్కువ చూపినా లోపం కాదు. గాలి జోరుగా వస్తూ రోజురోజుకూ చల్లదనం తగ్గుతుంటే గ్యాస్ కారుతోందని అనుమానించాలి. చిన్న కారులో ఉండేది దాదాపు అర కిలో గ్యాసే కాబట్టి కొద్దిగా పోయినా తేడా తెలుస్తుంది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది. అందువల్ల కారినచోట గొట్టాల అతుకుల దగ్గర జిడ్డు, దానిమీద దుమ్ము కనబడతాయి.

కారు పరుగెత్తుతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వెచ్చబడితే కండెన్సర్ మురికిపట్టి ఉండవచ్చు, లేదా దాని ఫ్యాన్ తిరగకపోవచ్చు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనుల మీదుగా తిరిగే కార్లకు ఈ సమస్య తొందరగా వస్తుంది. రాతిపొడి కండెన్సర్ రేకుల మధ్య పేరుకుని గాలిని అడ్డుకుంటుంది. పలుచటి రేకులు వంగకుండా, జోరు తక్కువగా ఉన్న నీటితో కడిగితే తరచు సరిపోతుంది.

గాలి చల్లగానే ఉండి జోరు తగ్గితే ముందు ఏసీ ఫిల్టర్ చూడాలి. దుమ్ముదారుల్లో తిరిగే కారుకు కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే దాన్ని మార్చవలసి వస్తుంది. గంటసేపు బాగా నడిచి, తర్వాత గాలి సన్నగిల్లి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ బాగుపడుతుంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందన్నమాట.

కారు కింద చుక్కలుగా పడే నీరు మంచి గుర్తే. గాలిలోని తేమ కాయిల్ మీద నీరై బయటికి పోతోందని అర్థం. ఆ నీరు లోపల కాళ్లదగ్గర చేరితే దాన్ని బయటికి పంపే గొట్టం పూడిపోయినట్టు. ఏసీ వెయ్యగానే ముక్క వాసన వస్తే తడి కాయిల్ మీద బూజు పట్టినట్టు. గమ్యానికి రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రమే నడిపితే కాయిల్ ఆరి బూజు తగ్గుతుంది.

శబ్దాలనూ పట్టించుకోవాలి. కంప్రెసర్ వెంటవెంటనే టక్కుమని ఆగుతూ మొదలవుతుంటే గ్యాస్ తగ్గడం ఒక కారణం కావచ్చు. ఎడతెగని గరగర బేరింగు అరుగుదలను, కీచుమనే మోత వదులైన బెల్టును సూచిస్తాయి. ఏసీ వెయ్యగానే ఇంజను వేడి ముల్లు పైకి పోతే వెంటనే ఏసీ ఆపి రేడియేటర్, ఫ్యాన్ చూపించాలి.

ఏటా గ్యాస్ నింపించడం తప్పనిసరి అన్న నమ్మకం సరికాదు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. గొట్టాల గుండా ఏళ్ల తరబడి అతి కొద్దిగా ఊరిపోవడం సహజమే గానీ, త్వరగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు కనిపెట్టకుండా నింపితే డబ్బు, గ్యాస్ రెండూ గాలిపాలు. సరైన సర్వీసులో ముందు కారుడు వెతికి సరిచేస్తారు. తర్వాత వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను తీసేసి, కంపెనీ చెప్పిన బరువు ప్రకారం గ్యాస్ నింపుతారు. తేమ మిగిలితే వాల్వులో గడ్డకడుతుంది, లోహాన్ని తింటుంది. గ్యాస్ ఎక్కువైతే పీడనం పెరిగి చల్లదనం తగ్గుతుంది.

కారుడు ఆపడం వాతావరణానికీ మేలు. ఓజోన్ పొరను చెరిచే పాత ఏసీ గ్యాస్ ఆర్-12 వాడకానికి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తెరదించింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌ను చెరపదు. అయితే వందేళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే సుమారు 1,400 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.